అరువిచ్చిన వయసు

కాంతో పట్నం

నామ్ పెదనాన్నకి,

నీ తమ్ముడి కొడుకు దువాన్ దండాలు. నీ ఫోను ఎంతకీ మోగటం లేదు. అందుకే పుచ్చకాయల పడవావిడ చేత ఈ ఉత్తరం పంపిస్తున్నాను.

ఎట్టకేలకు ఊరి చివర జానెడు స్థలం కొన్నాం. ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకు ఇరవై ఏళ్ళ అప్పిచ్చింది. ఈ నెలలో పునాది పడకపోతే ఆ అప్పు రద్దు. తీరా ముహూర్తాల తాత నా వయసు లెక్కేసి, "ఈ ఏడు నువ్వు కడితే నీ పెళ్ళానికి గండం రా" అన్నాడు. లూవా కడుపుతో ఉంది కదా, మా అత్తగారు ఆ మాట విన్న దగ్గర్నుంచి శోకాలు.

కాబట్టి నీ వయసు అరువివ్వాలి. నీకు ఈ ఏడు దివ్యంగా ఉందట. మామూలు పద్ధతే. స్థలం నీకు అమ్మినట్టు కాగితం రాసి మేస్త్రీకిస్తాను. నువ్వొచ్చి మొదటి గునపం వేసి వెళ్ళు. కప్పు పడ్డాక నీ దగ్గర తిరిగి కొనుక్కుంటాను. ఇల్లూ వాకిలీ చక్కగా ఉన్నవాడి వయసే తేవాలన్నాడు తాత. మన వంశంలో అలాంటివాడివి నువ్వొక్కడివే.

నీ దువాన్

తా.క.: బ్యాంకువాళ్ళూ నా వయసు లెక్కేశారు. అప్పు తీరేసరికి యాభై ఎనిమిది వస్తాయట. ఆ వయసు మాత్రం ఎవరినీ అరువడగక్కర్లేదు.

*

ఒరే దువాన్,

గునపం వేసి, క్షేమంగా తిరిగొచ్చాను. అసలు యజమాని ఆ వేళప్పుడు కనబడకూడదని నువ్వు కాఫీకొట్టు వెనక నక్కావు చూడు, అప్పులవాళ్ళు వచ్చినప్పుడు మీ నాన్న అచ్చం అలాగే నక్కేవాడు.

మేస్త్రీ నన్ను "ఇంటి ఓనరు గారూ" అన్నాడు. అబద్ధమెందుకు, నాకు బాగానే ఉంది. రాగానే మీ పెద్దమ్మ సమాధి దగ్గర కూర్చుని, "ఏమే, పట్నంలో ఇల్లు కడుతున్నా" అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. బతికున్నప్పుడు మాత్రం నా మాట ఎప్పుడు నమ్మింది గనక!

ఆశీస్సులతో,
పెదనాన్న

తా.క.: ఫోను ఏట్లో పడింది. దాని వెనకే బాతుల గూడూ పడింది. బాతులకేం ఇబ్బంది లేదు, మేత వేళకి ఈదుకుంటూ వస్తున్నాయి.

*

పెదనాన్నా,

కప్పు పడింది! ఇక నువ్వు తిరిగి అమ్మడమే తరువాయి. అది కానిదే కొత్తింట్లో దీపం పెట్టే వీల్లేదంటోంది మా అత్తగారు. ఇక్కడ అద్దె, అక్కడ వాయిదా. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి నిలబడ్డాను. కాగితం మీద తొంభై తొమ్మిది వేల డాంగులకు, అంటే నాలుగు కాఫీల ఖరీదుకి, అమ్మాను కదా, లక్షకి కొంటాను. త్వరగా రా.

నీ దువాన్

తా.క.: లూవాకి బాతు ఉప్పుగుడ్లు తినాలనుందట. నీ బాతులకు చెప్పు.

*

ఒరే దువాన్,

ధర పెరిగింది. ఎనభై లక్షల డాంగులు. అది నీ నెల జీతమని నాకు తెలుసు. వానలు ముదిరేలోగా పంపు. ఎందుకని మాత్రం అడక్కు, మీరు కొత్తింట్లో దీపం పెట్టాక నేనే చెబుతాను.

పెదనాన్న

తా.క.: ఇప్పుడు నా వంటగదికి ఏటి వైపు గోడ లేదు. కూర్చున్నచోటే చేపలు కడుక్కోవచ్చు. పట్నంలో ఇంత సౌకర్యం ఎక్కడుంది?

*

నామ్ గారికి,

ఉత్తుత్తి అమ్మకాన్ని నిజం బేరం చేసిన పెద్దమనిషిని మిమ్మల్నే చూశాను. మేస్త్రీ ఓనరు గారన్నాడని నిజంగానే ఓనరైపోయారా? అద్దె బాకీ పడ్డామని ఇంటివాడు మా సామాను వీధిలో పెడతానంటున్నాడు. నిండు నెలల మనిషిని ఎక్కడికి తీసుకెళ్ళను? నాన్న ఉంటే మీ మొహం చూసేవాడు కాదు.

దువాన్

తా.క.: మావయ్యగారూ, రాసేది లూవాని. గాలికీ వెలుతురికీ వంటగది గోడలు కొట్టించుకుని సోకులు పడటానికి మా కొంపే దొరికిందా?

*

ఒరే దువాన్,

తిరిగి అమ్మిన కాగితం ఇందులో ఉంది, సంతకం పెట్టాను. లక్ష డాంగులే. అదీ వీలున్నప్పుడు ఇద్దువుగాని.

ఇక్కడ ఆగు. నువ్వూ సంతకం పెట్టి, ఇంట్లోకి వెళ్ళి, దీపం వెలిగించాకే మిగతాది చదువు.

వెలిగించావా? సరే.

నువ్వు అడిగిననాటికి గట్టు నెర్రెలిచ్చింది గానీ ఇల్లు నిలిచే ఉంది, నేను అబద్ధమాడలేదు. తర్వాత బాతుల గూడు పోయింది, వంటగది పోయింది, మొన్న పడగ్గది కూడా ఏట్లో కలిసింది. ఇల్లు పోయినవాడి వయసు పనికిరాదు. ఆ మాట నీ చెవిన పడితే పునాది మళ్ళీ తవ్వాలంటారు, బ్యాంకు అప్పు పోతుంది. అందుకని నోరు కుట్టుకున్నాను.

ఆ డబ్బు మీ పెద్దమ్మ కోసం. ఆవిడ ఎముకలు తీయించి, గట్టుకు దూరంగా గుడి వెనక పెట్టిద్దామనుకున్నాను. నిన్న మధ్యాహ్నం సమాధి ఏట్లోకి జారింది. జారిపోకుండా ముందే దానికి తాడు కట్టి ఉంచాను. తాడు మిగిలింది.

నువ్వు తిట్టినందుకు కాదు గానీ, నాకు చాలా ఏడుపొచ్చిందిరా. ఇక ఆ డబ్బుతో పనిలేదు.

బడి వరండాలో పడుకుంటున్నాను. నన్ను రమ్మని రాయకు. ఇల్లు పోయినవాడు కొత్తింట్లో అడుగు పెట్టకూడదు. ముందు బిడ్డ క్షేమంగా పుట్టనీ.

పెదనాన్న

తా.క.: లూవాకి ఉప్పుగుడ్లు పంపుతున్నాను. బజార్లో కొన్నవే. మన బాతులు సాయంత్రం గూడున్నచోటికే వచ్చి, కాసేపు తిరిగి తిరిగి వెళ్ళిపోతున్నాయి.