బల్లమీద గ్లాసులు

చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ అమ్మా తిని తిరుగుతున్నాం, దాన్నే బాగుండటం అనుకో. నువ్వూ అల్లుడుగారూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

అమ్మ అట్టముక్కకు వరుసలు కోసి ఇచ్చింది. ఆ సందుల్లో వేలు ఆనించి రాస్తున్నాను. నీ కంటికి ఆనాలని అక్షరాలు పెద్దవి చేశాను. ఒకదానిమీద ఒకటి ఎక్కితే సర్దుకో. ఫోను చేద్దును గానీ, నీ గొంతు వింటే చెప్పలేను.

నీ ఉత్తరం అమ్మ రెండుసార్లు చదివి వినిపించింది. మోకాలి నొప్పి తగ్గింది. సైకిల్ షాపు మీ బాబాయి చూసుకుంటున్నాడు. చక్రం వంకర తీయాల్సి వస్తే నన్ను పిలుస్తాడు. ఊచలు మీటి వింటే ఏది వదులో తెలుస్తుంది.

ఇంకో ప్రశ్న ఉంది. మన ఇంటి కళ్లజబ్బుకు నాకు ఎక్కించిన మందే నీకూ ఒక కంట్లో ఎక్కించి ఆరు నెలలైనా, ఆ కెమెరా కళ్లజోడు పెట్టుకుంటే ఉత్త మెరుపే తప్ప ఏమీ తెలియడం లేదన్నావు. "నీకు ఎన్నో నెలలో కనిపించింది నాన్నా?" అని అడిగావు. రెండో కంట్లో మిగిలిన కాస్త చూపూ పోవచ్చని డాక్టరుగారు చెప్పినా, నాన్నకు వచ్చింది కదా అని దానికీ ఒప్పుకున్నావట. వచ్చే నెల మొదటి సోమవారం సంతకమట.

అమ్మ అక్కడ ఆగిపోయింది.

ఆమధ్య ఆవిడ నా ముందు నిలబడి, "ఈ చీర ఎట్లా ఉంది?" అంది. ఆ కళ్లజోడుకు రంగులు తెలియవు. అందుకని "కట్టు బాగా కుదిరింది" అన్నాను. "ఇంకా కట్టుకోలేదు మహానుభావా, మడత చేతిలోనే ఉంది" అని నవ్వింది. తర్వాత నవ్వలేదు. నీ ఉత్తరం చదివాక, "పిల్లకు మీరే రాయండి. నా చేత్తో నేను రాయను" అంది.

నాకు కనిపించలేదమ్మా. ఏ నెలలోనూ కనిపించలేదు.

ఆసుపత్రిలో ఆ కళ్లజోడుతో చూడటం నేర్పించే అమ్మాయి బల్లమీద గ్లాసులు పెట్టి, "ఎన్ని ఉన్నాయి బాబాయ్?" అని అడిగేది. కళ్లముందు తెల్లచీమలు పాకినట్టు ఉండేది, అంతే. గ్లాసు ఆనించిన చప్పుడు మాత్రం తెలిసేది. మూడు అన్నాను. మూడే. ఎడమపక్కన ఒకటి అన్నాను. అదీ నిజమే. మోసం చేద్దామని కాదు. చూపు తగ్గుతున్న ఇరవై ఏళ్లూ షాపులో అట్లాగే చెవులతో నెట్టుకొచ్చాను. అలవాటు మీద నోరు అనేసింది. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టి, "కనిపిస్తున్నాయి కదా బాబాయ్!" అంది. "ఆ" అన్నాను. డాక్టర్లు వచ్చి చేతులు పట్టుకున్నారు. అంతమంది సంతోషానికి అడ్డుపడలేకపోయాను. ఆ ఒక్క "ఆ" నీ కంటిదాకా వస్తుందనుకోలేదు.

నిన్న వెళ్లి ఆ అమ్మాయికి చెప్పాను. "మీ అమ్మాయికి చెప్పారా?" అంది. లేదన్నాను. "మరి ఇక్కడేం చేస్తున్నారు బాబాయ్, వెళ్లండి" అంది.

ఈ మందు వేరేవాళ్లకు పనిచేసిందేమో నాకు తెలియదు. నాకు చేయలేదు. నీ మొదటి కంటికి జరిగినదాన్ని నేను వెనక్కి తేలేను. రెండో కంట్లో సూది బెజ్జమంత మిగిలిందని రాశావు. అదీ ఎప్పటికో పోతుంది, నాది పోయినట్టే. నీతో అబద్ధం ఇంక చెప్పను. కానీ అది పోయేదాకా నీదే. నాతో జన్మలో మాట్లాడకపోయినా సరే తల్లీ, ఆ సోమవారం వెళ్లకు.

ఇట్లు,
రోగం ఇచ్చింది చాలక
ఆశ కూడా ఇచ్చిన
నాన్న