వీరాస్వామి పెట్టని సంతకం

నందిగామ,
ఆదివారం.

చిరంజీవి కరిష్మాకు,

నాలుగు రోజులుగా పట్టిన ముసురు ఇవాళ తెరిపి ఇచ్చింది. పొద్దున్నే పచ్చి ఇటుకల మీద కప్పిన పట్టాలు తీసి వచ్చాను. ఇటుకలేమిటని అడుగుతావు, చెబుతాను. మేమిద్దరం కులాసా. మీ అమ్మ దగ్గు తగ్గింది. నువ్వు పంపిన మందు వల్ల కాదు, అల్లం కషాయం వల్లనేనని ఆమె వాదన. బడిలో పిల్లల మీద మరీ అరిచి గొంతు పాడుచేసుకోకు.

నీ నాటిక ఆడారా, నా డైలాగులు కోసేశారా అని అడిగావు. నిన్న సాయంత్రం జగ్గయ్యపేటలో, బడి హాల్లో ఆడాం. ఒక్క మాట కోయలేదు. వీరాస్వామి వేషం నాది, కాటా యజమాని వేషం మన ఫ్రాన్సిస్‌ది.

మొదట చదివినప్పుడు నీ వీరాస్వామి నాకు నచ్చలేదమ్మా. లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తా. ఎక్కువ బరువున్న బండికి తక్కువ రాసి సంతకం పెట్టమంటే పెట్టడు. అరవడు, నీతులు చెప్పడు. ఉద్యోగం తీసేస్తే కలం జేబులో పెట్టుకుని ఇంటికి నడుస్తాడు. ఇంత మొండివాడు ఎక్కడుంటాడు అనుకున్నాను. లారీ తోలుతూ వాడి మాటలు వల్లెవేసేకొద్దీ మనిషి అర్థమయ్యాడు. కాటా చూపించింది కాక ఇంకోటి రాయడం వాడికి చేతకాదు, అంతే. అలాంటివాడు నిజంగా ఉంటే పక్కన కూర్చుని టీ తాగాలనిపించింది.

రిహార్సల్స్ మా యజమాని భవానీప్రసాద్ గారి మిర్చి గోడౌన్లో వేసేవాళ్ళం. లైట్లూ మైకూ ఆయనవే. లైట్లిచ్చిన దాతకు ఒకసారి ముందుగా ఆడి చూపించడం మన దగ్గర మామూలే కదా. చూసి, నవ్వుతూనే అన్నారు.

"బాషా, చివర్లో వాడి చేత సంతకం పెట్టించవయ్యా. జనం సంతోషంగా ఇళ్ళకెళ్తారు."

"పెట్టడండి."

"ఎవరు, నువ్వా వాడా?"

"వాడేనండి. పెడితే ఇక వాడెందుకండి?"

"రాసింది నీ కూతురేగా. ఫోన్ కొట్టు, మార్చుద్ది. లేదంటే లైట్లూ లేవు, రేపట్నించి నీకు బండీ లేదు."

ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది ఇదే. ఫోన్ చేయలేదు. నా ఉద్యోగం పోతుందంటే నువ్వు వెంటనే మార్చేస్తావు. అదే నా భయం. లారీ తాళాలు ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను.

"నాటకంలో వాడి ఉద్యోగం పోతే తెరేస్తారు. మనకెవరేస్తారు?" అంది మీ అమ్మ. మర్నాడు తనే కీసర దగ్గర ఇటుకబట్టీ వాళ్ళనడిగి నాకు ట్రాక్టర్ పని కుదిర్చింది. జీతం తక్కువే, గడుస్తుంది. "మీ అమ్మాయి ఆ వీరాస్వామికి పెళ్ళాన్ని రాయలేదేం?" అని మాత్రం రోజూ దెప్పుతోంది. దానికి జవాబు నువ్వే రాయి.

ఫ్రాన్సిస్ వాళ్ళ చర్చి నుంచి ట్యూబులైట్లు తెచ్చాడు. వెలుగు చాలింది. మైకు లేకపోయినా నా గొంతు ఎక్కడా తడబడలేదు. వచ్చే నెల కంచికచర్లలో ఆడమన్నారు. అక్కడా ఇలాగే ఆడతాం.

భవానీప్రసాద్ గారు, ఆయన భార్య కమలాకుమారి గారు నిన్న ముందు వరసలో కూర్చున్నారు. ఆఖరి రంగం మొదలవగానే ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆమె తెర పడ్డాక వెళ్ళారు.

ఇట్లు,
మీ నాన్న
జాన్‌బాషా