విశ్రాంతి కబురు

సొమోతో, జూలై 9

నా చిట్టి నిన్ఫాకు,

నువ్వు పంపిన కాఫీ గింజలు అందాయి. బస్సు డ్రైవరు వాటిని తన సీటు కింద పెట్టి తెచ్చాడు కాబోలు, సగం డీజిలు వాసన. అయినా తాగుతున్నాను. ఈ ఉత్తరం కూడా అతని చేతికే ఇస్తున్నాను. చదివాక పొయ్యిలో వేసెయ్యి.

నేను బాగున్నానని కిందటి ఉత్తరంలో రాశాను కదా, అది అబద్ధం. రొమ్ము తీసేసి ఏడాదిన్నర అయింది, మందులు ఎక్కించడం ఆపి పది నెలలైంది. జుట్టు వచ్చింది, తిండి సయిస్తోంది. అలసట మాత్రం పోవడం లేదు నిన్ఫా. ఇది పని చేసిన మనిషికి వచ్చే అలసట కాదు. పొద్దున లేచేసరికే ఒళ్లు చచ్చుబడి ఉంటుంది. తల దువ్వుకోవాలన్నా కూర్చోవాలి. మొక్కజొన్నపిండిలో చీజ్ కలిపి రొస్కియాలు చుట్టడం నాకు ఏడేళ్లప్పుడు అబ్బిన విద్య. ఇప్పుడు ఒక్క పళ్లెం నిండేసరికి నా పని అయిపోతోంది. పిండిలో నీళ్లు ఎక్కువైతే చుట్ట నిలవదు చూడు, అలా బల్ల మీదికి కూలిపోతున్నాను. కోడలు చూడకుండా బట్టీ వెనక్కి వెళ్లి కట్టెల మీద కూర్చుంటున్నాను.

అసలు సంగతి ఇది. ఆ జబ్బు మొదటిసారి బయటపడక ముందు కూడా నేను ఇలాగే అలసిపోయేదాన్ని. అందుకే అది మళ్లీ వచ్చిందని నా మనసు చెబుతోంది. ఆగస్టు రెండున మనాగువా పట్నం ఆసుపత్రిలో చూపించుకోవాలి. నేను వెళ్లను. రమ్మని వాళ్లు తేదీ రాసిచ్చిన చీటీని మేరీమాత పటం వెనక దాచేశాను. వెళ్లి చూపించుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. మళ్లీ ఆ సూదులు, ఆ వాంతులు నా వల్ల కాదు. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు నా బట్టీ దగ్గరే ఉంటాను. తిట్టదలుచుకుంటే అక్కడే తిట్టుకో, నాకు రాయకు.

ఆరోగ్య కేంద్రం నర్సు పోరు పడలేక వారానికి రెండు రోజులు చర్చి హాలుకి యోగాకు వెళుతున్నాను. ఈ జబ్బు పడి లేచిన ఆడవాళ్లం ఆరుగురం. నేర్పేది హాలండు నుంచి వచ్చిన మరైకె అనే పిల్ల, తాటిచెట్టంత పొడుగు. కుర్చీల్లో కూర్చోబెట్టి, ఊపిరి పీలుస్తూ చేతులు ఎత్తమంటుంది. కోసిన వైపు చెయ్యి నాకు భుజం దాకానే లేస్తుంది. అది చాలంటుంది. "ఈ అలసటకు మంచం ఒక్కటే మందు కాదమ్మా. రోజూ కొంచెం కదలాలి, కొంచెం ఊపిరి గమనించుకోవాలి. చాలామందికి తగ్గుతోంది" అంటుంది. అంతవరకూ బాగానే ఉంటుంది. చిక్కంతా చివర్లోనే. దుప్పట్లు పరిచి, వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ల కింద తలగడలు పెట్టి, "ఇక విశ్రాంతి పొందండి" అంటుంది! మొదటి రోజు ఆ మాట వినగానే ఆరుగురం దిగ్గున లేచి కూర్చున్నాం. "నా మీద అప్పుడే మట్టి వెయ్యకమ్మా, ఇంకా పెట్టె కూడా చేయించుకోలేదు" అంది మా అమాందా. మన ఊళ్లో విశ్రాంతి పొందింది అని పోయినవాళ్లనే అంటారని పాపం ఆ పిల్లకేం తెలుసు? మిగతావాళ్లు నవ్వుకుని మెల్లగా అలవాటు పడ్డారు. నేను మాత్రం కళ్లు మూయను. మూస్తే మళ్లీ తెరవనేమోనని భయం. అందరూ గుర్రు పెడుతుంటే నేను పైకప్పు రేకులు చూస్తూ పడుకుంటాను.

నాకు ఇంకా అయినవాళ్లు ఎవరున్నారని ఆ పిల్ల అడిగితే నీ పేరు, నీ కొండ పేరు చెప్పాను. అక్కడ ఫోను పలకదు, కబురు పంపాలంటే రేడియోలో చదివించడమే అన్నాను. ఆ అవసరం రాదులే.

నీ అక్క
దొమితీలా


లాస్ సబానాస్, జూలై 24

అక్కా,

నిన్న నీ ఎదుట ఒక్క మాట కూడా సరిగ్గా మాట్లాడలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

మొన్న మధ్యాహ్నం రేడియోలో కబుర్లు చదివే వేళకు నేను చిక్కుళ్లు ఏరుతున్నాను. "లాస్ సబానాస్‌లో ఉన్న నిన్ఫాకు కబురు. మీ అక్క దొమితీలా నిన్న విశ్రాంతి పొందింది. చాలా ప్రశాంతంగా ఉంది. మీరు కంగారు పడవద్దు" అన్నారు. చదివినవాడికి కూడా అదే అర్థమైనట్టుంది, గొంతు తగ్గించి చదివి, వెనక వయొలిన్ పెట్టాడు. నా ఒళ్లో చేట కింద పడిపోయింది. నల్ల గౌను వేసుకున్నాను. తొమ్మిది రోజుల ప్రార్థనలకు వచ్చేవాళ్లకు పొయ్యాలని మా ఆయన కాఫీ మూట భుజాన వేసుకున్నాడు. నిన్న తెల్లారగానే బయల్దేరి, రెండు గంటలు కొండ దిగి, పాల లారీ పట్టుకుని వచ్చాం.

మీ వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. నాలాగే రేడియో విని వచ్చిన జనం ఉన్నారు. ఇక సందేహమే లేకపోయింది. ఏడుస్తూ లోపలికి వస్తే నువ్వు బల్ల దగ్గర కూర్చుని పక్కింటావిడను దబాయిస్తున్నావు: "చచ్చినదాన్ని చూడ్డానికొచ్చి కాఫీ తాగకుండా పోతావా? కూర్చోవే!" నన్ను చూసి, "వచ్చావా! నేనే ఇంకా తయారుగా లేను" అన్నావు. మరైకె గోడకు ఆనుకుని ఏడుస్తోంది. "క్లాసులో మొదటిసారి నిద్రపోయారు, గంటన్నర! ఆ సంతోషం చెల్లెలికి చెబుదామనుకున్నా. నేనేం తప్పు రాశాను?" అని వచ్చిన ప్రతివాళ్లనీ అడుగుతోంది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే పెరట్లోకి వెళ్లి వాంతి చేసుకున్నాను. నువ్వు చూడలేదు.

కొండ దిగుతున్నంతసేపూ నీకోసం ఏడ్చాననుకున్నావు. నాకోసం ఏడ్చాను అక్కా. ఈస్టరు నుంచి నా ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. అప్పుడు చిక్కుడుగింజంత ఉండేది, ఇప్పుడు ఇంకా పెరిగింది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మనాగువా వెళ్లనని నువ్వు రాసిన ఉత్తరం చదివి నాకు ఎంత హాయి అనిపించిందో తెలుసా? నిన్ను తిట్టాల్సిందాన్ని, నిన్ను అడ్డం పెట్టుకున్నాను. మా అక్కంత గట్టిదే వెళ్లనంటోంది, నేనెందుకు వెళ్లాలి అనుకున్నాను. రేడియో విన్నాక, వెళ్లకపోతే ఏమవుతుందో తెలిసిపోయిందనుకున్నాను. దారి పొడవునా నా చెయ్యి ఆ గడ్డ మీదే ఉంది. చెప్పుకుందామంటే నువ్వు కూడా లేవు కదా అని ఒకటే గుబులు. నువ్వు బతికి కనిపించాక కూడా చెప్పకుండానే కొండెక్కి వచ్చేశాను.

చాలా భయంగా ఉంది అక్కా. ఏం చెయ్యమంటావు?

నీ
నిన్ఫా


సొమోతో, జూలై 27

ఒసే పిచ్చి నిన్ఫా,

నీ ఉత్తరం బట్టీ దగ్గర చదివాను. మూడు పళ్లేల రొస్కియాలు బొగ్గయిపోయాయి. "ఏమైందత్తా, నిజంగానే పోయావా?" అంటూ కోడలు పరిగెత్తుకొచ్చింది. ఇక దాచలేక నీదీ నాదీ అంతా చెప్పేశాను. అది ముందు నన్ను తిట్టింది, తర్వాత నా పక్కనే కట్టెల మీద కూలబడి ఏడ్చింది. నీ మీద నాకు కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ నా మీద వచ్చింది. నేను పటం వెనక దాచింది నా ఒక్కదాని చీటీ అనుకున్నాను గానీ నువ్వు కూడా దాన్ని చూసుకునే ఆగిపోతావనుకోలేదు.

ఒక సంగతి నీకు చెప్పలేదు. ఆ రోజు క్లాసులో నేను నిద్రపోయింది ధైర్యం వచ్చి కాదు. మరైకె నా దగ్గరకొచ్చి, "ఎందుకు కళ్లు మూయరు?" అని మెల్లగా అడిగింది. నోరు జారి, ఊపిరి ఆగిపోతుందేమోనని భయం అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. నా పక్కన నేల మీద కూర్చుని, "మీ ఊపిరి నేను చూస్తుంటాను. ఆగితే లేపుతాను" అంది. అంతే, కళ్లు మూతలు పడ్డాయి. లేచాక చూస్తే ఇంకా అక్కడే కూర్చుని ఉంది. ఆ సాయంత్రం రెండు పళ్లేలు కూర్చోకుండా చుట్టాను. మర్నాడు మళ్లీ కూలబడ్డాననుకో. అలసట పోలేదు, కొన్ని రోజులు మాత్రం నా మాట వింటోంది. మందుల తర్వాత ఏళ్ల తరబడి ఇలా ఉండేవాళ్లున్నారట, అలసట ఉన్నంత మాత్రాన జబ్బు తిరగబెట్టినట్టు కాదని నర్సు అంటోంది. తిరగబెట్టలేదని కూడా ఆవిడ చెప్పలేదు. అది మనాగువాలోనే తెలియాలి.

చీటీ బయటికి తీశాను. నీ గురించి నర్సుతో మాట్లాడాను. ఒకటో తేదీ మధ్యాహ్నానికల్లా ఇక్కడికి దిగిరా, ఆవిడ చూసి నీకూ చీటీ రాసిస్తానంది. రెండున తెల్లవారే బస్సు. మీ ఆయనకు ఈపాటికి చెప్పి ఉంటావు, చెప్పకపోతే ఈ ఉత్తరం అతని చేతిలో పెట్టు. ఆసుపత్రిలో ముందు నన్నే చూడమంటాను, తర్వాత నువ్వు.

నన్ను గట్టిదాన్నని రాశావు. కాదే. నాకూ నీ అంత భయమే. భయం తగ్గాక బయల్దేరదామని కూర్చోకు, అది తగ్గదు. భయపడుతూనే రా. మనాగువా దాకా నాలుగు గంటల దారి. మొదటి రెండు గంటలు నువ్వు పడుకో, నేను నీ ఊపిరి చూస్తుంటాను. తర్వాత నేను పడుకుంటాను, నువ్వు చూడు.

నీ అక్క
దొమితీలా