ఎడమవైపు మడ్‌గార్డు

శ్రీవారికి,

నేను క్షేమం. మీరు వేళకి తింటున్నారని అనుకోను గానీ, తినండి.

ఇక్కడ షెడ్డులో ఊపిరి సలపడం లేదు. కొండదారుల్లో పందేలకి వెళ్ళే పాత కారొకటి వచ్చింది. బరువు తగ్గించాలట. రేకు భాగాలన్నీ విప్పేసి ఫైబర్‌వి బిగిస్తున్నాం. ఒక్కో రేకు మీద మైనం రుద్ది, ఫైబర్ గుడ్డ పరిచి, జిగురు పట్టించి అచ్చు తీస్తాను. ఆ అచ్చులోంచి కొత్త భాగం వస్తుంది. నిన్న బానెట్‌ని ఒంటిచేత్తో ఎత్తాను. షెడ్డు ఓనరుగారు తడిమి చూసి, "ఇంత నునుపైన పని ఈ షెడ్డులో చూడలేదమ్మా" అన్నారు. ఆయన టీ తెప్పిస్తే ముందు నాకే.

ఎడమవైపు మడ్‌గార్డు మాత్రం ఎక్కడో గుద్దుకుని నలిగిపోయింది. వేరేది దొరకదు. మా ఆయన సాపు చేసిపెడతారని గొప్పగా చెప్పాను. లారీలో పంపిస్తున్నాను, కొలతకి అట్టముక్క కోసి లోపల పెట్టాను. అచ్చు మీ రేకు మీదే తీయాలి. కాస్త మనసు పెట్టి కొట్టండి.

మీ ఇంటావిడ


శ్రీమతికి,

మడ్‌గార్డు చేరింది. ఉత్తరమూ చేరింది. ఇదివరకు నువ్వు 'ఆయన' అంటే అది నేనే. ఇప్పుడు ఏ ఆయనో ఆగి చూసుకోవలసి వస్తోంది.

ఇన్నేళ్ళలో నేను సాపు చేసిన బానెట్లు నువ్వు ఎన్ని చూశావు, ఒక్కదాన్నయినా తడిమావా? నాకు కడుపు మండుతోంది, దాచుకోను. పడవల షెడ్డులో ఫైబర్ పని నేర్చుకుని, ఆ కార్ల షెడ్డులో చేరతానంటే వెళ్ళమన్నది నేనే. ఇప్పుడు అందరూ ఫైబరే అడుగుతున్నారు, నా సుత్తి గోడకి వేలాడుతోంది. నా నెత్తిన నేనే చెయ్యి పెట్టుకున్నాను.

ఆ ఓనరుగారికి పెళ్ళయిందా? ఊరికే అడుగుతున్నాను.

నీ అసలు ఆయన


శ్రీవారికి,

ఓనరుగారికి పెళ్ళయింది, మనవరాలు కూడా ఉంది. ఇక కుళ్ళుకోవడం ఆపి పని చూడండి. మిగతా కారంతా తయారైపోయింది, మీ రేకు కోసమే కూర్చున్నాం.

మీతో ఒక మాట చెప్పాలి. మడ్‌గార్డు బిగించాక చెబుతాను, ఇప్పుడు చెబితే బాగుండదు.

మీ ఇంటావిడ


శ్రీమతికి,

రేకు పంపాను. నునుపుగానే ఉంది, తడిమి చూడమను.

నువ్వు చెప్పబోయే మాటేమిటో ఊహించలేనంత వెర్రివాణ్ణి కాదు. అక్కడే ఉండిపోతానంటావు. ఉండు. మనవరాలున్నవాడి మనసు ముసలిదైపోవాలని ఎక్కడా లేదు.

ఇట్లు,
రేకులు కొట్టుకునేవాడు


ఏవండీ,

మీ రేకు మీద అచ్చు తీసి కొత్త మడ్‌గార్డు బిగించబోతే, తలుపు దగ్గర వేలు దూరేంత సందు వచ్చింది. తప్పు నా అచ్చుదనుకున్నాను. రేకుతో పాటు తిరిగొచ్చిన అట్టని మీ రేకుకి ఆనించి చూశాను. లోపలి అంచున కొత్త దెబ్బలు, ఒకదాన్నొకటి ఆనుకుని ఎంతో ఓపిగ్గా వేసినవి. చక్కగా సాపు చేసి, ఆ తర్వాత కావాలనే వంచారు.

నేను దాచిన మాట ఇదీ. ఫైబర్‌కి అచ్చు కావాలి, అచ్చుకి ముందు మంచి రేకు కావాలి. వచ్చే కార్లన్నీ సొట్టలు పడ్డవే. ఓనరుగారు రేకు మనిషి కోసం వెతుకుతుంటే, మిమ్మల్ని పెట్టుకోమని చేరిన రోజు నుంచీ ఆయన ప్రాణం తోడేస్తున్నాను. "ఒక్క పని చేయించి చూపించమ్మా" అన్నారు. ఆ ఒక్క పని ఈ మడ్‌గార్డు. ముందే చెబితే కంగారులో పని చెడుతుందని చెప్పలేదు.

ఓనరుగారు ఆ సందులో వేలు పెట్టి, "మీ ఆయనకి వచ్చింది ఇంతేనా అమ్మా" అన్నారు. మీకు పని రాదని నా నోటితో అనలేను. వచ్చంటే, వచ్చి కూడా ఇలా చేశారని చెప్పినట్టే. అట్టముక్క తీసుకుని నా బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను. సాయంత్రం ఇంకొకరికి కబురు వెళ్ళింది.

మనిద్దరికని ఇక్కడ ఒక అద్దె వాటా మాట్లాడి ఉంచాను. వెనక మీరు రేకులు కొట్టుకోవడానికి చోటు కూడా ఉంది. నిన్న వెళ్ళి వద్దని చెప్పి, దారంతా ఏడ్చుకుంటూ వచ్చాను. నాకు చాలా కోపంగా ఉంది, మీ మీదే.

ఆ ఫైబర్ మడ్‌గార్డు అంచుని నేనే సరిచేసి బిగించాను. కొత్తగా పెట్టుకున్న రేకు మనిషి రేపు పనిలోకి వస్తాడు. పెళ్ళి కాలేదట. మీ కోసం ఖాళీ చేయించిన బల్ల అతనికిచ్చారు, నా బల్ల పక్కనే. ఇప్పుడు కుళ్ళుకోండి.

మీ ఇంటావిడ