కషాయం కుండ కోసం వచ్చినాయన

మందుల అంగడి వెనక గది,
శరత్తు మొదలైన మర్నాడు

రుయ్‌ఫెన్ అక్కకి,

బతికే ఉన్నాను. నువ్వు అడగలేదనుకో, నేనే చెబుతున్నాను. ఈ మూడేళ్ళలో నీకు రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటి మూడూ పొయ్యిలో పడ్డాయి. దీని రాత ఎలా ఉందో చూద్దాం.

నిన్న శరత్తు మొదలైంది కదా, అంగడి ముందు దూలానికి పెద్ద కాటా వేలాడదీసి కింద గంప కట్టారు. వీధి వీధంతా వచ్చి కూర్చుని తూగింది. వేసవిలో చిక్కినవాళ్ళకి మాంసం ఉడకబెట్టి పెట్టాలని ఇళ్ళవాళ్ళకి చెబుతూ నేను అక్కడే నిలబడ్డాను. అందరూ వెళ్ళాక నేనూ గంపలో కూర్చున్నాను. కూర్చున్నాక గుర్తొచ్చింది, కాటా కర్ర మీద గుండు జరపడానికి ఇంకో మనిషి కావాలని. ఈ గదిలో కలిసి ఉన్న పద్దెనిమిదేళ్ళూ నువ్వు నన్నూ, నేను నిన్నూ తూచుకున్నాం. "తిన్నదంతా ఎక్కడికి పోతోందే, ఆ నాలుక్కేనా?" అని వెక్కిరించేదానివి. పక్కింటావిణ్ణి పిలవచ్చు. పిలవబుద్ధి కాలేదు. కాసేపు అలాగే కూర్చుని దిగొచ్చేశాను.

సరే, నా గోల ఎందుకు. నీ ఒళ్ళు నీకు తెలియదు గానీ నాకు తెలుసు. గాలి పొడిబారగానే నీ గొంతు ఎండుతుంది, అరచేతులు మండుతాయి. అల్లం, మిరపకాయ ఇప్పట్నుంచే తగ్గించు. కోళ్ళతో పాటు పడుకుని కోళ్ళతో పాటు లే. నాలుగు చుక్కలు మంచు పడగానే దూది కోటు తొడుక్కోకు, శరత్తులో కాస్త వణికితేనే చలికాలానికి ఒళ్ళు గట్టిపడుతుంది. ఇవన్నీ నీకు తెలిసినవే. తెలిసీ చెయ్యవు. పక్కన తిట్టేవాళ్ళు లేకపోతే నువ్వు ఏదీ చెయ్యవు. అక్కడ తిట్టేవాళ్ళెవరైనా ఉన్నారా?

నీ కషాయం కుండ నా దగ్గరే ఉంది. నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళిన నాడు నేను దగ్గుతున్నానని వదిలేసి వెళ్ళావు. తెచ్చి ఇద్దామంటే ఇంకొకరి కషాయం కుండని మోసుకెళ్ళి వాళ్ళ గుమ్మంలో పెట్టడం రోగాన్ని పెట్టడమే. అవసరమైనప్పుడు కుండ గలవాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి. ఇది నీకు నేను నేర్పాలా? పాత నది గట్టు దాటితే మీ తోట, బస్సులో గంట. ఆ గంట నీకు మూడేళ్ళలో దొరకలేదు. నన్ను రమ్మంటావేమో, ఆ రోజు నేను అంత మాట అన్నాక ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు?

వచ్చి నీ కుండ తీసుకెళ్ళు.

నీ నోటిదురుసు చెల్లెలు,
యిన్‌పింగ్

*

మందుల అంగడి వెనక గది,
చలిమంచు కార్తె మొదలైన నాలుగో రోజు

అక్కా,

మొన్న మీ తోట ముసలాయన, అదే మీ ఆయన, వచ్చాడు. మధ్యాహ్నం అంగడి మూసి అన్నం తింటున్నాను. తలుపు తీస్తే, చేతిలో బేరిపళ్ళ బుట్ట, చంకలో టోపీ.

"అమ్మా, నేను తావ్‌ని. రుయ్‌ఫెన్‌కి దగ్గు పట్టుకుంది. ఆ కుండ ఇస్తారేమోనని..."

"ఎన్నాళ్ళ నుంచి?"

"తెల్లమంచు కార్తె నాటి నుంచి. నెల దాటింది."

"పొడి దగ్గా, కఫమా?"

ఆయన నేల చూపులు చూశాడు. "పొడిదే... కఫం కూడా ఉందనుకోండి. మీరు ఒక్కసారి..."

"ఉండండి" అని లోపలికి వెళ్ళి కుండ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. లోపలికి రమ్మనలేదు. కూర్చోమనలేదు, మంచినీళ్ళియ్యలేదు. తలుపేసేశాను. చాలాసేపు ఆయన కాళ్ళు తలుపు కింది సందులోంచి కనబడుతూనే ఉన్నాయి. ఎండలో నడిచొచ్చాడు, ఆయాసం తీర్చుకుంటున్నాడులే అనుకున్నాను. మళ్ళీ తలుపు తీసేసరికి బేరిపళ్ళు మాత్రమే ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఎందుకలా చేశానో చెప్పకపోతే నాకు అన్నం సయించదు. అక్కా, నీకు జబ్బు రావాలని కోరుకున్నాను. పెద్దదేం కాదు, చిన్న దగ్గు. నీకు దగ్గొస్తే కుండ కోసం వస్తావు కదా, వస్తే ఈ బల్ల మీద కూర్చుంటావు కదా అని. మొదటి శరత్తులో ఊరికే అనుకున్నాను. రెండో శరత్తులో కిటికీ దగ్గర కూర్చుని బస్సు దిగేవాళ్ళని చూస్తూ అనుకున్నాను. ఈ ఏడు గంపలోంచి దిగి వచ్చి, పైకే అన్నాను, "ఒక్క దగ్గు తగలకూడదా దీనికి!" అని. నెల తిరిగేసరికి తగిలింది. దుఃఖం ఊపిరితిత్తుల్లో చేరి శరత్తులో బయటపడుతుందని మనల్ని ఈ అంగట్లో పెట్టుకున్న పెద్దవైద్యుడు అనేవాడు. నా దుఃఖం వెళ్ళి నీ ఊపిరితిత్తుల్లో చేరింది. ఆయనిచ్చిన బల్ల మీద కూర్చుని నాడి పట్టే దాన్ని, ఇలాంటి కోరిక కోరవచ్చునా?

నీ పెళ్ళినాడు అన్నదీ మర్చిపోలేదు. వచ్చిన జనమంతా వింటూండగా, "ఏడాది తిరక్కుండా ఈ ముసలాడికి కషాయాలు కాచుకుంటూ కూర్చుంటావు" అన్నాను. నువ్వు ఎర్రకోటు తొడుక్కుని నిలబడ్డావు. ఏదన్నా అని ఉంటే బాగుండేది, ఇద్దరం జుట్లు పట్టుకుని చల్లారేవాళ్ళం.

మందు చీటీ విడిగా మడిచి పెట్టాను. లిల్లీ దుంప, తెల్ల పుట్టగొడుగు, కొండదుంప పొడి, నీ వేడి ఒంటికి చలవ చేసేవే అన్నీ. బేరిపండు నడుము కోసి, గింజ తీసి, పటికబెల్లం నింపి, మూత పెట్టినట్టు పై ముక్క పెట్టి ఆవిరి మీద ఉడికించుకో. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆయనకి చెప్పు, సన్నసెగ మీద కాచమని, పొంగనివ్వద్దని.

నేను రాను. నీ మీద నా నీడ పడకపోవడమే నీకు మేలు. ఇదే ఆఖరి ఉత్తరం.

యిన్‌పింగ్

*

తావ్ వాళ్ళ బేరితోట,
మంచు పడే కార్తెకి రెండు రోజుల ముందు

ఒసేయ్ యిన్‌పింగ్,

నాకు దగ్గూ లేదు, దాని తాతా లేదు. దుక్కలా ఉన్నాను. నువ్వు అనుకోగానే జబ్బులు వచ్చేసేటట్టయితే, నీ నోటికి మన వీధిలో ఒక్కడైనా మిగిలేవాడా? బల్లెక్కి కూర్చున్నావు గానీ బుద్ధి మాత్రం పెరగలేదు.

దగ్గేది ఆయన. తెల్లమంచు నాటి నుంచీ ఆయనే. జిల్లా ఆసుపత్రిలో ఛాతీ ఫొటో తీశారు, పెద్ద రోగమేం లేదు, పాత దగ్గు తిరగబెట్టిందని బిళ్ళలిచ్చారు. యిన్‌పింగ్‌కి చూపిద్దామని నేనంటే, "నేను దగ్గుతూ వెళితే, ఆవిడ ఆ రోజు అన్నది నిజమైనట్టేగా, నీకు తలవంపులు" అన్నాడు. కడకి నాకు చెప్పకుండా వెళ్ళాడు. గుమ్మం దగ్గర నీ మొహం చూసేసరికి ధైర్యం చాలక నా పేరు చెప్పాడట. నాలుక చూపిద్దామని వెళ్ళినవాడు కుండ పట్టుకుని తిరిగొచ్చాడు. ఆ కుండ మాకెందుకే? పెళ్ళైన నెలలోనే ఇంకోటి కొన్నాను. శరత్తు వస్తే నువ్వు దగ్గుతావు, నేను వచ్చి ఆ కుండ తీసుకుంటే దేన్లో కాచుకుంటావని రాలేదు. నువ్వేమో కాళ్ళు లేనిదానిలా కిటికీ దగ్గర కూర్చున్నావు.

ఏడాది ఏడ్చాను నీ మాటకి. రెండో ఏడు ఏడవలేదు, ఎదురు చూశాను. ఇక్కడ ఎటు చూసినా చెట్లే. ఆయన మంచివాడు, మాట తక్కువ. ఆయన తరఫువాళ్ళు ముసలి పెళ్ళికూతురని నా గడప తొక్కరు. తిట్టేవాళ్ళున్నారా అని అడిగావు కదా. లేరు.

ఇప్పుడు అసలు సంగతి విను. నీ చీటీ వచ్చినప్పుడే నేను రాయాల్సింది. "ఆఖరి ఉత్తరం" అన్నావని నాకూ మండింది, రాయలేదు. దగ్గుకి దగ్గు మందేగా అనుకున్నాం. నేను వేర్లు తరిగినదాన్నే గానీ నాడి పట్టినదాన్ని కాదు. ఆయన "ఆవిడ రాసిందంటే తిరుగుండదు" అని సన్నసెగ మీద తనే కాచుకుని తాగాడు. నా వేడి ఒంటికి నువ్వు రాసిన చలవంతా, తెల్లారకముందే మంచులో తడిసే ఆయన ఒంట్లోకి వెళ్ళింది. నాలుగు రోజులుగా తెల్లటి చిక్కటి కఫం, కాళ్ళు చేతులు చల్లగా ఉంటున్నాయి, వెల్లకిలా పడుకోలేకపోతున్నాడు, అన్నం వద్దంటున్నాడు. మందు ఆపమంటే, ఆవిడ మాట కాదంటే ఆవిడ ఇంక ఎప్పటికీ రాదేమో అంటాడు.

అంగట్లోకి రాకముందే ఒక మొగుణ్ణి పోగొట్టుకున్నాను. ఇంకొకణ్ణి పోగొట్టుకునే ఓపిక నాకు లేదు. నీ తప్పులూ నా తప్పులూ తర్వాత లెక్కబెట్టుకుందాం. రా.

రుయ్‌ఫెన్

*

మందుల అంగడి,
ఉత్తరం అందిన గంటకి, బస్సు డ్రైవరు చేత

బావగారికి,

నమస్కారం. ఈ పిలుపు మూడేళ్ళ కిందే పిలవాల్సింది.

ఆ మందు ఈ క్షణమే ఆపండి. నేను రాసిందైనా సరే. మనిషిని చూడకుండా, నాలుక చూడకుండా, మీ ఆవిణ్ణి తలుచుకుని రాసిన మందు అది. పెద్దవైద్యుడే ఉంటే నా చెయ్యి విరగ్గొట్టేవాడు. తప్పు పూర్తిగా నాది. మీరు మాట దాచలేదు, నేనే మిమ్మల్ని మాట్లాడనివ్వలేదు.

బేరిపళ్ళు మీ తోటవే అయినా కొన్నాళ్ళు ముట్టుకోకండి. పలచటి గంజిలో అల్లం, ఎండు నారింజ తొక్క వేసి వేడివేడిగా తాగండి. ఆసుపత్రి బిళ్ళలు మానద్దు. శరత్తులో వణకాలని నేను మీ ఆవిడకి రాశాను, అది మీకు కాదు. దూది కోటు తీసి తొడుక్కోండి, వీపు కింద దిండ్లు పెట్టుకుని కూర్చునే పడుకోండి. ఊపిరాడక పెదాలు నల్లబడితే మాత్రం నా కోసం చూడకుండా అక్కని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి, నేను అక్కడికే వస్తాను.

పెళ్ళినాడు నేనన్న మాట మిమ్మల్ని చూసి అన్నది కాదు. మీరు ఎలా ఉంటారో ఆ రోజు నేను చూడనేలేదు. అక్క లేకుండా ఈ గదిలో ఎలా బతకాలో తెలియక అన్నాను. ఇప్పటికీ నాకు తెలియలేదు. క్షమించమని మీ ఎదురుగా అడుగుతాను.

ఈ బస్సు నిండిపోయింది. రేపు పొద్దున మొదటి బస్సుకి వస్తున్నాను. టీ తాగకండి, నాలుక గీసుకోకండి, ముందు అది చూడాలి.

మీ మరదలు,
యిన్‌పింగ్