బకెట్ మీద బ్లాగరు

జనవరి 1, పొద్దున్నే

ఈ ఏడాది నేను బ్లాగరునవుతాను. సక్సెస్ అయిన బ్లాగరుని. రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే రాసుకోకపోతే మధ్యాహ్నానికల్లా నా మాట నేనే వినను.

కారణం: నిన్నటి విందులో మా తోడల్లుడు లైల్ అన్న మాట. చలికాలం చేపలు పట్టడం గురించి నేను మంచి సంగతులు చెబుతుంటే, బంగాళదుంపల గిన్నె నా ముందు నుంచి లాక్కుంటూ "ఓయ్ డ్వేన్, నీ సుత్తి వినాలంటే మాకు జీతం ఇవ్వాలోయ్" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ రోండా కూడా నవ్వింది. మావగారు ఆర్వల్ నవ్వలేదు. ఆయన దేనికీ నవ్వరు కాబట్టి అది లెక్కలోకి రాదు.

బ్లాగు పేరు: గడ్డకట్టిన నిజాలు. అమ్మాయి బ్రిటా డులూత్‌లో కాలేజీకి తిరిగి వెళ్లేముందు తయారుచేసి ఇచ్చింది. నియమాలు కూడా తనే చెప్పింది.

– రోజుకో టపా.
– ప్రతి టపాకీ ఫొటో.
– అన్నీ నిజాలే.
– ప్రతి కామెంటుకీ మర్యాదగా జవాబు.

లక్ష్యం: సరస్సు మీద మంచు కరిగేలోగా వెయ్యిమంది పాఠకులు. మా ఊరి జనాభా తొమ్మిదొందలు. ఊరు ఊరంతా చదివినా ఇంకో వందమంది బయటివాళ్లు కావాలి. వస్తారు. ఎందుకు రారు!

జనవరి 2

మొదటి టపా పడింది. "వేళ్లు గడ్డకట్టకుండా ఉండాలంటే."

గడ్డకట్టిన సరస్సు మీద, మంచుకి కన్నాలు తొలిచి చేపలు పట్టే మావగారి గుడిసెలో నా మొదటి చలికాలం గురించి రాశాను. అప్పుడు నేను కొత్త అల్లుణ్ణి, మంచి గ్లౌజులు కూడా లేని వెధవని. సరస్సు మీద వేళ్లు తిమ్మిరెక్కి గాలం జారవిడిచాను. ఆయన ఒక్క మాట అనకుండా తన గ్లౌజులు తీసి నా ఒళ్లో పడేసి, తన చేతులు చంకల్లో పెట్టుకుని సాయంత్రం దాకా అలాగే కూర్చున్నారు. ఇది రాశాక కాస్త సిగ్గేసింది. అయినా ఉంచేశాను.

పాఠకులు: నలుగురు. ఒకటి నా ఫోను, రెండు నా కంప్యూటరు, మూడు రోండా, నాలుగు బ్రిటా. ఆరంభం బాగుంది.

జనవరి 4

"మంచు తొలిచే బర్మాకి పదును పెట్టడం ఎలా?" పాఠకులు ఏడుగురు!

మొట్టమొదటి కామెంటు కూడా వచ్చింది. బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె అమ్మేవాడట. నియమం ప్రకారం మర్యాదగా జవాబిచ్చాను: నాకు అవసరం లేదు, మా తోడల్లుడి చిరునామా ఇస్తున్నాను.

జనవరి 7

టపా లేదు. రెండు రోజులుగా ఒకటే మంచు. కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడపడం నా ఉద్యోగం. మంచు పడితే తిండీ నిద్రా ఆ బండిలోనే.

నియమానికి సవరణ: మంచు పడని రోజుకో టపా.

జనవరి 10

ఎర చేపలు కొనడానికి డార్లీన్ కొట్టుకెళ్లాను. నా బ్లాగు చూశావా అని అడిగాను. చూసిందట. "చేప ఎక్కడ దొరుకుతుందో తప్ప అన్నీ రాస్తావు నువ్వు" అంది, ఎర చేపలు గరిటెతో తోడి పోస్తూ.

అదెలా రాస్తాను? ఈ సరస్సు మీద ఎవరినైనా జీతమెంత అని అడగొచ్చు, ఒంట్లో రోగాలేంటని అడగొచ్చు. చేప ఎక్కడ పడిందని మాత్రం అడగకూడదు. అడిగితే "పెదవి దగ్గర" అంటారు, గాలం దిగిన చోటు చూపిస్తూ. అంతకంటే ఎక్కువ చెప్పినవాడు మంచివాడు కాదు.

మావగారి చోటు ఆయన నలభై ఏళ్ల కిందట కనిపెట్టుకున్నది. పెద్దల్లుడు లైల్‌కి చూపించలేదు. నాకు చూపించారు. గుడిసెలో ఆయనకి పాత కారులోంచి పీకిన సీటు, నాకు బోర్లించిన బకెట్. ఆ బకెట్ మీద కూర్చునే హక్కు నాకు తప్ప ఈ ఊళ్లో ఎవరికీ లేదు. చెప్పొద్దూ, నాకున్న పదవి అదొక్కటే.

జనవరి 13

"థర్మాస్‌లో కాఫీ వేడిగా ఉంచే అయిదు మార్గాలు." మూడే తెలుసు. మిగతా రెండూ కల్పించాను.

పాఠకులు ముగ్గురు. నా కంప్యూటరు కూడా రాలేదు.

జనవరి 15

ఈరోజు గుడిసెలో వాలై పట్టాను. నా మోచేతి నుంచి వేళ్ల కొస దాకా కాదు, భుజం నుంచి! వాలై అంటే ఇక్కడ చేపల్లో రాజు. మావగారు దాన్ని రెండు చేతులతో ఎత్తి బరువు చూసి, "పర్లేదు" అన్నారు.

ఆయన నోట "పర్లేదు" నేను ఇంతకుముందు ఒక్కసారే విన్నాను, బ్రిటా పుట్టిన రోజున ఆస్పత్రిలో.

పట్టిన చేపని గుడిసె లోపలి గోడకి ఆనించి ఫొటో తీయడం ఇక్కడి పద్ధతి. వెనక ఏమీ కనపడకూడదు. కానీ లోపల చీకటి, ఫొటోలో చేప ఎలుకలా పడుతోంది. ఆయన పొయ్యిలో కట్టెలు పెడుతుంటే నేను చేపతో బయటికొచ్చి ఒకటి తీసుకున్నాను. గుడిసెకి నారింజ రంగు కదా, అది చూస్తే ఎవరైనా పోల్చేస్తారు. అందుకని ఇంటికొచ్చి ఫొటోలో ఆ రంగంతా చెరిపేశాను. నా తెలివికి నేనే మురిసిపోయి టపా వేశాను.

జనవరి 16

పాఠకులు మూడు వేల ఎనిమిది వందలు!! మళ్లీ చూశాను. అంతే!

– కామెంట్లు రెండొందల పైన. నూనెవాడు ఒక్కడే కాదు.
– డార్లీన్ కాఫీకి డబ్బులు వద్దంది.
– లైల్ ఫోన్ చేశాడు. "బానే ఉందిలే" అన్నాడు. ఆ గొంతులో నొప్పి నాకు తెలిసింది. ఎంత హాయిగా ఉందో.

బ్లాగరుగా సక్సెస్ అంటే ఏంటో ఈరోజు తెలిసింది. తోడల్లుడు తనే ఫోన్ చెయ్యడం.

అన్ని కామెంట్లకీ కూర్చుని జవాబులు రాశాను. పక్క కౌంటీ వాడొకడు "ఫొటోలో నీ వెనక నీళ్ల ట్యాంకు సరిగ్గా చర్చి శిఖరం మీద కూర్చున్నట్టుంది, బాగుంది" అన్నాడు. "ధన్యవాదాలు, మా ఊరు అందమైనదే" అని రాశాను. ఇంకొకడు నా ఎడమ చెవి వెనక కనపడే ధాన్యం గోదాము ఎవరిదని అడిగాడు. చెప్పాను.

జనవరి 18, శనివారం

నేనొక గాడిదని.

ట్యాంకు చర్చి శిఖరం మీదికి వచ్చేదాకా మంచు మీద నడిస్తే అదొక గీత. గోదాము ఎక్కడుందో చూసుకుంటే ఇంకో గీత. రెండు గీతలూ కలిసేచోట మా గుడిసె. ఈ సరస్సు మీద గాలం పట్టిన ప్రతివాడూ తన చోటు గుర్తుపెట్టుకునేది ఇలాగే. నేనూ ఇలాగే. అంత తెలిసిన నేను రంగు చెరిపి ట్యాంకుని వదిలేశాను.

పొద్దున వెళ్లేసరికి మా గుడిసె చుట్టూ ఇంకో ఊరు వెలిసింది. గుడిసెలు, గుడారాలు, ట్రక్కులు, బర్మాల మోత. ఒకడు సాసేజులు కాల్చి అమ్ముతున్నాడు. నన్ను గుర్తుపట్టి ఒకాయన సంతకం పెట్టమన్నాడు. పెట్టాను కూడా, సిగ్గు లేకుండా.

మావగారి తలుపు తట్టాను. లోపల్నుంచి "చోటు లేదు" అన్నారు.

ఇద్దరికి కట్టిన గుడిసె. ఆయనొక్కరే ఉన్నారు.

జనవరి 19

పొద్దున మా వాకిట్లో బకెట్ ఉంది. కడిగి ఉంది.

రోండా దాన్ని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత "మా నాన్న కడిగారా? తిన్న పళ్లెం కూడా కడగరు ఆయన" అంది. చేపల వాసన, ఎరల వాసన, ఇన్నేళ్ల నా వాసన, ఏదీ లేదు. కొట్లో కొన్నదానిలా ఉంది. నాకు ఏడుపొచ్చింది. బండి తుడిచే నెపంతో బయటికెళ్లి కాసేపు నిలబడ్డాను.

పాఠకులు అయిదు వేలు దాటారు. అయితే ఏంటి?

జనవరి 22

టపా లేదు. కారణాలు:

– మంచు పడింది.
– ఆగింది, కానీ మళ్లీ పడేలా ఉంది.
– వేలు నొప్పి.
– ఆ వేలు కాదు, పక్కది.

ఒక గ్లౌజుల కంపెనీ వాళ్లు రాశారు, మా సరుకు ఊరికే పంపుతాం, పొగుడుతూ రాయమని. జవాబివ్వలేదు. మర్యాద నియమం కూడా పోయింది. ఇక మిగిలింది నిజాల నియమం ఒక్కటే.

జనవరి 24

మావగారు వచ్చారు. ఎప్పుడూ వంటింటి తలుపు తోసుకుని వచ్చే మనిషి, ఈరోజు వీధి గుమ్మంలో నిలబడి గంట కొట్టారు. మా ఇంటి వీధి గుమ్మానికి వచ్చేది పాస్టరుగారూ, ఓట్లు అడిగేవాళ్లూ. రోండా తలుపు తీసి కంగారుపడింది.

కాఫీ ఇచ్చింది. ఆయన గాలి గురించి మాట్లాడారు. నేను చలి గురించి మాట్లాడాను. ఆయన ట్రక్కు బ్యాటరీ గురించి చెప్పారు. ఇంకో కప్పు కాఫీ. క్షమించమని అడగడానికి నోరు తెరిచినప్పుడల్లా ఆయన బ్యాటరీకి వెళ్లిపోయారు. ఆఖరికి లేచారు, టోపీ పెట్టుకున్నారు, వెళ్లొస్తానన్నారు, తలుపు మీద చెయ్యి వేశారు. మా వైపు అసలు మాట ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది.

"గోల్ఫ్ మైదానం ఒడ్డున పడుతున్నాయని రాయి."

"అక్కడ చేపల్లేవు కదా, మావయ్యా. ఎప్పుడూ లేవు."

"నాకు తెలుసు."

"నా బ్లాగు పేరు గడ్డకట్టిన నిజాలు."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "నిజం రాసి చూశావుగా" అని తలుపు వేసుకుని వెళ్లిపోయారు.

జనవరి 25

రాశాను. జన్మలో ఇంత శ్రద్ధగా ఏదీ రాయలేదు.

గోల్ఫ్ మైదానం ఒడ్డంటే లైల్ ఉండే చోటు. అతని గుడిసెలో సోఫా, టీవీ, పైన గొడుగంత డిష్షు ఉన్నాయి. చేపలు మాత్రం పడవు. అక్కడ ఎవరి గాలానికైనా ఎప్పుడైనా తగిలిందంటే అది గోల్ఫ్ బంతే. మొన్నటి చేపని ఫ్రీజర్‌లోంచి తీసి అక్కడికి మోసుకెళ్లి ఫొటో తీసుకున్నాను. వెనక లైల్ డిష్షు, దాని మీద సరిగ్గా మైదానం జెండా కర్ర. ఎవరూ పొరబడకుండా.

నిజాల నియమం: రద్దు.

జనవరి 27

మా గుడిసె చుట్టూ వెలిసిన ఊరు మొత్తం అటు కదిలింది. సాసేజులవాడితో సహా!

లైల్ ఫోన్ చేసి అరిచాడు. బర్మాల మోతలో టీవీ వినపడటం లేదట, సోఫా అదురుతోందట. బాగా అయింది.

జనవరి 28

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. అక్కడ చేపలు పడుతున్నాయి.

ఒకటీ అరా కాదు, బుట్టలు బుట్టలు. లైల్ పట్టిన వాలై అతని తొడంత ఉంది. ఫొటో పంపాడు. నా బ్లాగులో కామెంట్లు చూస్తే తల తిరిగింది. "ఇంటర్నెట్‌లో నిజం చెప్పేవాడివి నువ్వొక్కడివే" అట. "ఇలాంటి నిజాయితీపరుణ్ణి చూడలేదు" అట. నూనెవాడు కూడా మెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం మావగారు ఫోన్ చేశారు. "బకెట్ తీసుకుని రా" అన్నారు.

జనవరి 29

నిన్న ఇంటికొచ్చాక రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

గుడిసెలో ఆయన సీటు పక్కన నా చోటు ఊడ్చి ఉంది. బకెట్ బోర్లించి కూర్చున్నాను. ఆయన తన కన్నంలో, నేను నా కన్నంలో గాలాలు వేశాం. ఒక్క చేప రాలేదు. అంత గోలకి అవి ఎప్పుడో అవతలి ఒడ్డుకి పారిపోయి ఉంటాయి. సరస్సు అవతల గోల్ఫ్ మైదానం వైపు నుంచి కేకలు, చప్పట్లు వినిపిస్తున్నాయి. చప్పట్లు మోగిన ప్రతిసారీ నేను నేల చూపులు చూశాను.

చాలాసేపటికి ఆయన అన్నారు, "రోండా రోజూ ఫోన్లో చదివి వినిపిస్తుంది. నువ్వు రాసేవి."

థర్మాస్ టపాలో కల్పించిన రెండు మార్గాలు గుర్తొచ్చాయి. "అన్నీనా?"

"అన్నీ." గాలం కొంచెం పైకి లాగి మళ్లీ వదిలారు. "ఆ గ్లౌజుల సంగతి."

నేను కన్నంలోకి చూస్తూ కూర్చున్నాను.

"పర్లేదు" అన్నారు.

ఆ టపాకి పాఠకులు నలుగురు, అందులో ఇద్దరు నేనే. అయిదో మనిషి ఫోన్లో విన్నారు కాబట్టి లెక్కలోకి రాలేదు.

సాయంత్రం దాకా గాలాలు వేసుకునే కూర్చున్నాం. చేపలు పడలేదు. చేతులు తిమ్మిరెక్కితే చంకల్లో పెట్టుకున్నాను. పక్కకి చూస్తే ఆయనా అలాగే ఉన్నారు.

ఫిబ్రవరి 1, పొద్దున్నే

ఈ నెల నుంచి నేను బ్లాగరునవుతాను. మొదటి నుంచి మళ్లీ. పాత నియమాలు చెల్లవు, ఇవి కొత్తవి:

– రోజుకో టపా.
– అన్నీ నిజాలే, చేపలు ఎక్కడున్నాయన్నది తప్ప.
– ఫొటోలు గోడకి ఆనించి.
– లైల్ ఫోన్ చేస్తే ఎత్తకూడదు.

లక్ష్యం: నలుగురు పాఠకులు, ఫోన్లో వినేవాళ్లు ఒకరు. రోండా పొద్దున్నే చదవాలి కాబట్టి నేను ముందురోజే రాసి ఉంచాలి. మొదటి టపా ఇవాళే.

కిటికీలోంచి చూశాను. మంచు మొదలైంది. కౌంటీ వాళ్లు రమ్మని ఫోన్ చేస్తున్నారు.

రేపటి నుంచి.