గట్టు మీది బోర్డు

అధికారి గారికి,

అయ్యా, మా పొలం మూలనున్న కుంటను రక్షిత ప్రాంతమని ప్రకటించి, పోయిన వారం మీ వాళ్లు గట్టు మీద బోర్డు పాతి వెళ్లారు. అనుమతి లేకుండా ఎవరూ అడుగు పెట్టకూడదట. నేనూ పెట్టకూడదట! నేల నాది. ముప్పై ఏళ్లుగా పూడ్చకుండా, ఏటా పూడిక తీసి ఆ కుంటను నిలిపింది నేను. తన కుంటను ఏనాడో చదును చేసి దున్నుకున్న పక్క పొలాయన జోలికి మాత్రం మీరు పోలేదు. "మంచికి పోతే చెడు ఎదురైందంటే ఇదే వదినా" అని ఆయన ఒకటే నవ్వు.

బోర్డు కోసం తవ్విన చోటే గట్టుకు గండి పడింది. మీ ఆఫీసుకు పరుగెత్తుకొస్తే, "అర్జీ పెట్టుకోమ్మా, నెలలో చూస్తాం" అన్నారు. తుంగలో నీటికోళ్లు గుడ్లు పొదుగుతున్నాయి. నెల ఆగండని వాటికి నేను చెప్పలేను.

అందుకే నిన్న కుంటలోకి దిగాను. కేసు పెడతారో, జరిమానా వేస్తారో మీ ఇష్టం. ఏటా దిగినట్టే వచ్చే ఏడూ దిగుతాను.

మీ బోర్డు పారేయలేదు. దాన్నే గండికి అడ్డం పెట్టి బంకమట్టి మెత్తాను. ఇప్పుడది నిజంగానే కుంటను కాపాడుతోంది. నన్నడక్కుండా కదిలించకండి.

ఇట్లు,
ఆ కుంట గలావిడ